మీ అమ్మకు పులుపు తెలిసింది

బుజ్జమ్మా,

ఇద్దరం హాయిగా ఉన్నాం. అసలు కబురు ముందే రాసేస్తున్నాను: మీ అమ్మ నాలుకకు రుచి తిరిగొచ్చింది!

నువ్వు పోరుపెట్టి పంపిన ఈ పార్కులో ఒక వీధి వీధంతా దేశదేశాల తిండి దుకాణాలే. ఎంత శుభ్రం, ఎంత మర్యాద! అన్నీ చిన్న గిన్నెల్లో రుచికి పెడతారు. ఆరు నెలల కిందటి జ్వరం నుంచి ఏం తిన్నా గడ్డి తిన్నట్టుందనే మనిషి, నేను చిన్నబుచ్చుకుంటానని ఏడు దుకాణాల్లోనూ "బాగుందండీ" అంది. ఎనిమిదో చోట ఏదో దేశపు ఎర్ర షర్బత్ ఒక్క గుక్క తాగి, కళ్లు గట్టిగా మూసుకుని "అబ్బా, పులుపండీ!" అని కేకేసింది. పోసినావిడ హడలిపోయి మంచినీళ్లు తెచ్చింది. మీ అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఇంకో గ్లాసు అడిగింది. తర్వాత మొదటి దుకాణం నుంచి అన్నీ మళ్లీ తిన్నాం. పొట్ట పగిలేలా తిని నాకు ఊపిరాడటం లేదు.

కుట్టుమిషన్‌కు నూనె వేశావా? పంతులమ్మగారు బట్టలకోసం వస్తే సోమవారం ఇస్తానని చెప్పు.

ఇంకో మాట. "ఇన్నాళ్లూ ఉప్పూ కారం తెలియకుండా వండాను, ఎలా ఉండేదండీ?" అని మీ అమ్మ అడిగింది. అమృతంలా ఉండేదన్నాను. నమ్మలేదు. ఇంటికొచ్చి మిమ్మల్ని అడుగుతుంది. ఇప్పుడు మళ్లీ షర్బత్ వరుసలో నిలబడింది, వచ్చేలోగా ఈ కార్డు డబ్బాలో వేస్తాను.

నీకూ తమ్ముడికీ దీవెనలు. ఆరు నెలలు కిక్కురుమనకుండా తిన్నారు, నా బంగారాలు. ఈ ఒక్క అబద్ధం కూడా ఆడెయ్యండి.

నాన్న