జేబులో గులకరాళ్లు

జారెచ్యే, ఫిబ్రవరి 9

చిరంజీవి కాపాకు,

రాత కోడి గెలికినట్టుంది, తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదువుకో. వేళ్లు వంగడం లేదు. నేను చదివిందీ ఊరిబడిలో నాలుగు తరగతులే. నేనూ ఆవూ బాగున్నాం. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్లు వేసుకునే ఇది రాస్తున్నాను.

నువ్వు తీసిన సినిమాకి జనం నవ్వారా అని అడిగావు. శనివారం క్లబ్బులో వేశారు. నవ్వారు. పిల్లల్ని కాటా ఎక్కించే ముందు సెలవుల శిబిరం పెద్దాయన వాళ్ల జేబుల్లో రాళ్లు వేయించి, "నెలకు తలా రెండు కిలోలు పెరిగారు" అని పైవాళ్లకు చెప్పే చోట, పాలు పితికే మార్ఫా బెంచీ మీంచి జారిపడింది.

సవేలీ లూకిచ్‌కి కోపం వచ్చిందా అన్నావు. మన శిబిరానికి ఇరవై ఏళ్లు పెద్దగా చేసిన మనిషాయె. నా పక్కనే కూర్చున్నాడు, నవ్వలేదు. బయటికొచ్చాక, "నీ కూతురు నన్ను నవ్వులపాలు చేసింది యెఫీమ్. నేను రాళ్లు వేయించానా? కాటా దగ్గర ఉన్నది నువ్వేగా" అన్నాడు. సినిమా ఆపమని జిల్లాకు అర్జీ రాసి, సాక్షి సంతకం పెట్టమని నాకిచ్చాడు. రెండు రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంది.

ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది, కాపా. ఆయన వేయించలేదు. నువ్వు శిబిరంలో ఉన్న ఆ ఏడాది వానలకు పిల్లలకు విరేచనాలు పట్టుకుని అందరూ చిక్కిపోయారు. అక్కడ వంట మీ అమ్మది. తూకం తగ్గితే వంటమనిషిని తీసేస్తారు. నేనే ఏట్లోంచి గులకరాళ్లు ఏరుకొచ్చి, "పెద్దాయన ఆర్డరు, నోరెత్తకండి" అని మీ జేబుల్లో వేశాను. ఆయన పేరు చెబితే ఎవరూ ఎదురడగరు కదా అని. మీ అమ్మ పోయేదాకా ఆమెకీ చెప్పలేదు.

మంగళవారం కాగితం పట్టుకెళ్లి ఆయనకు చెప్పేశాను. ఆయన గోడ వైపు తిరిగాడు.

"ఆ ఏడాది నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు కదా?"

"ఇచ్చారు."

"రాళ్లకా?"

"రాళ్లకే, సవేలీ లూకిచ్."

"పిల్లలు గలగలమంటూ కాటా ఎక్కుతుంటే నాకు వినపడలేదేమయ్యా?"

"మీరు అంకెలు చూస్తున్నారు."

అర్జీ పొయ్యిలో పెట్టాడు. గోడ మీది పత్రం అద్దంతో సహా ఊడదీసి నా చేతికిచ్చాడు. "ఇది నీది, మోసుకుపో" అన్నాడు. మళ్లీ ఆట వేస్తే చెప్పమన్నాడు. ఈసారి నవ్వుతాడట.

మంచులో మోసుకొచ్చాను, బాగా బరువుంది. ఇప్పుడది బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మీద నీకు కోపం మిగిలుంటే నా మీదికి మార్చుకో. పత్రం మీ అమ్మ ఫొటో పక్కన తగిలించనా, వద్దా? నాకు తోచడం లేదు. తొందరగా జవాబు రాయి.

ఇట్లు,
నీ జేబులో రాళ్లు వేసిన
మీ నాన్న యెఫీమ్