ఆది గౌను

వదినగారికి,

పిల్లకు కొత్త గౌను కుడతాను, కొలతకి ఆది పంపండి అంటే, దాని పాత గౌను పంపి "కొలతలేం మారలేదు" అని రాశారు. నా చెవిలో పువ్వు పెడదామనుకున్నారా? చంకల్లో కుట్లు పిగిలిపోయాయి. కింది మడత విప్పి, అదీ చాలక మీ పాత కర్టెన్ గుడ్డ అతికారు.

పోయినసారీ ఇలాగే నాచేత బిగుతు గౌను కుట్టించి, "చూశావా, మీ అమ్మకి నీ కొలతే తెలీదు" అని దానికి నూరిపోశారట. పిల్లే ఫోన్లో చెప్పింది.

అందుకే ఈసారి గుడ్డ కత్తిరించే ముందే కాగితం కటింగ్ మార్చాను. చంకలు వదులు చేసి, పొడవు బెత్తెడు పెంచాను.

మీ తమ్ముడు వదిలేసింది నన్ను. నేను పిల్లను వదల్లేదు. సెలవులకు నా దగ్గరికి పంపాలని కోర్టు చెప్పింది, మరిచిపోయినట్టున్నారు.

ఇకమీదట ఆదికి గౌను పంపకండి. పిల్లనే పంపండి.

ఇట్లు,
దాని తల్లి