నోటితో చెప్పాల్సిన పేరు

సోని వాళ్ళ నాన్నకు నమస్కారం చేసి రాస్తున్నాను.

ముందుగా నా రాత చూసి నవ్వకండి. ఏడో తరగతి తర్వాత పెన్ను పట్టింది తక్కువ. ఎక్కడ ఒత్తు పెట్టాలో సోనిని అడిగితే అది నాకన్నా తప్పు చెబుతోంది. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. ఇక్కడ అత్తమ్మ, సోని, నేను బాగున్నాం. నల్ల మేక రెండు పిల్లల్ని ఈనింది. మీరూ వేళకు తింటూ బాగున్నారని అనుకుంటున్నాం.

లాల్‌సింగ్ అన్న మీ దగ్గర నుంచి సెలవుకు వచ్చిన రోజే మీ ఉత్తరం ఇచ్చాడు. తిరిగి మస్కట్ రావడానికి గురువారం భద్రాచలం రోడ్డు స్టేషన్‌లో బండెక్కుతాడట. కాగితాలు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పవచ్చు కదా అంటారు. మీ గదిలో నలుగురుంటారు, మీరు స్పీకర్ పెడతారు. అందుకని రాస్తున్నాను.

మీరు అడిగినవి ముందు చెబుతాను. మిర్చి రెండో కోత అయింది, కల్లంలో ఆరబోశాం. అత్తమ్మ మోకాలి నొప్పికి కొత్తగూడెం దవాఖానాలో చూపించాం. నడవమన్నారు. ఆమె నడవడం మాని డాక్టరును తిడుతోంది. సోని మూడో తరగతిలో లెక్కలు బాగా చేస్తోందట. కారు ఫోటో అందింది. తెల్ల కారు అని రాశారు, ఫోటోలో దుమ్ముకు మట్టిరంగుగా ఉంది. కారు తుడిచి ఇంకో ఫోటో పంపమని సోని అడుగుతోంది.

ఇక కాగితం సంగతి. మీరు రాసింది నాకు అర్థమైనంత తిరిగి రాస్తాను, తప్పైతే చెప్పండి. దుబాయ్‌లో కొన్న కారును మస్కట్ తెచ్చారు. అక్కడ మీ పేరున ఎక్కించాలి. కొన్న కాగితంలో మీ పాత లైసెన్సు చూసి పేరు చివర నాయక్ అని రాశారు. పాస్‌పోర్టులో నాయక్ లేదు. ఆఫీసు వాళ్ళు ఆ నాయక్ ఎవరో వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఇద్దరూ మీరేనని మన మండలాఫీసు నుంచి కాగితం కావాలి. దాని మీద హైదరాబాద్‌లో ముద్రలు పడాలి. తాత్కాలిక నంబరు ఈ నెలాఖరు వరకే. అది దాటితే కారు వెనక్కి తీసుకుపోవాలి. సొంత బండి లేకపోతే ఏసీ రిపేర్ల పని ఇంకొకరికి పోతుంది.

మండలాఫీసులో సర్వర్ పని చేయడం లేదని మీకు ఇరవై రోజులు చెప్పాను. సర్వర్ బాగానే పని చేసింది.

దరఖాస్తు పెట్టిన నాలుగో రోజు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చాడు. అత్తమ్మ, నేను కల్లంలో తెల్లబారిన తాలుకాయ ఏరుతున్నాం. ఊళ్ళోంచి వీరన్న సంచులు కుట్టడానికి వచ్చి ఉన్నాడు. సారు మంచం మీద కూర్చోలేదు. బండి మీదే ఫైలు తెరిచి, నీ కొడుకు పేరేందమ్మా అని అత్తమ్మను అడిగాడు.

"బలరాం," అంది అత్తమ్మ.

మీకు తెలిసిందే. మీకు పెట్టింది తాత పేరు. ఆయన అత్తమ్మకు మామ. మామ పేరు కోడలి నోట రాకూడదు. కన్నకొడుకైనా ఆమె మిమ్మల్ని ఆ పేరుతో ఒక్కరోజూ పిలవలేదు. బలరాం అని తనే ఒక పేరు పెట్టుకుంది.

"మరి ఈ హాతీరాం ఎవరు?" అన్నాడు సారు.

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరన్న సూది ఆపాడు. "హాతీరామా? పెద్దాయన గదా సారూ. పోయి ఇరవై ఏండ్లాయె. బీడీ అడిగితే కట్ట ఇచ్చేటోడు," అన్నాడు. ఆయన తప్పు లేదు. ఊళ్ళో వాళ్ళకు మీరు బలరామే.

సారు నా వైపు తిరిగాడు. "నీ భర్త పేరు బలరామేనా?"

కాదంటే, మరేంది అని అడుగుతాడు. అప్పుడు చెప్పాలి. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది, అత్తమ్మ చెప్పింది. మీరు ఎండలో మేడల మీద ఎక్కి పని చేసే మనిషి. నేను తల వంచుకుని "అవ్" అన్నాను.

ఆయన రాసుకుని కాగితం నా ముందు పెట్టాడు. ఈ ఇంట్లో ఉన్నది బలరాం అను వ్యక్తి అని, హాతీరాం అను వ్యక్తి ఇరవై సంవత్సరముల క్రితం మరణించినట్లు కుటుంబ సభ్యులు తెలిపినారని ఉంది. కింద సంతకం పెట్టాను. చదవకుండా పెట్టానని అనుకోకండి. రెండుసార్లు చదివి పెట్టాను.

దరఖాస్తు కొట్టేశారు. నేను ఎవరికీ చెప్పలేదు. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ సర్వర్ అన్నాను. మీ ఆయుష్షు కోసం నోరు మూసుకుని, కాగితం మీద మిమ్మల్ని చంపి కూర్చున్నాను. అట్లా పన్నెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత మీరు ఫోన్‌లో కారు అద్దం ఫోటో పంపారు కదా. దాని మీద అంటించిన చీటీలో గడువు తేదీ ఉంది. అది చూసిన మరునాడు, అత్తమ్మ మేకలను తోలుకుపోయాక, ఆటో ఎక్కి మండలాఫీసుకు పోయాను. ఒక్కదాన్నే ఆటో ఎక్కడం అదే మొదటిసారి.

కంప్యూటర్ దగ్గర రోజారాణి అనే ఆమె ఫైలు తీసి చూసింది. "ఈయన చనిపోయిండు గదమ్మా. పింఛన్ కోసం వచ్చినవా?" అని అడిగింది.

"లేదు. మస్కట్‌ల ఉన్నడు. కారు కొన్నడు," అన్నాను.

ఆమె నన్ను తహసీల్దారు మేడం దగ్గరకు తీసుకుపోయింది. నా వెనక పాసుబుక్కుల కోసం వచ్చిన మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మీ పేరు ఇంటి దగ్గరే ఒక చీటీ మీద రాసుకుని పోయాను. చీటీ ఇస్తే మేడం తీసుకోలేదు.

"రాసిచ్చుడు కాదమ్మా. పోయినసారి కాగితం మీద సంతకం పెట్టింది నువ్వే. ఇప్పుడు నోటితోని చెప్పు, రాసుకుంటరు."

చెప్పాను. నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. రోజారాణి తల అడ్డంగా ఊపింది. మూడోసారి గట్టిగానే చెప్పాను. వరసలోంచి ఒక ముసలాయన, "బతికిచ్చుకున్నవ్ పో బిడ్డా," అన్నాడు. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. ఇంట్లో పిలిచే బలరాం అనే పేరు కూడా కాగితంలో చేర్చాలా అని అడిగింది. వద్దన్నాను. అది అత్తమ్మది.

బయటికి రాగానే మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? పనిలో ఉన్నా, ఏంది సంగతి అన్నారు. ఏం లేదు, తిన్నారా అని అడిగి పెట్టేశాను. మీ గొంతు వినడానికి చేశాను.

ఇంటికి వచ్చాక అత్తమ్మకు మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఏరుతున్న మిరపకాయలు పక్కన పెట్టింది.

"అందరి ముంగట చెప్పినవా?"

"చెప్పిన."

"ఎట్లుంటదే చెప్తే?"

దగ్గు వచ్చింది. మిర్చి ఘాటు అన్నాను. ఆమె లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నీళ్ళు నేనే ఆమెకు ఇస్తున్నాను.

సారు మళ్ళీ విచారణకు వచ్చి ఈసారి మంచం మీద కూర్చున్నాడు. వారానికి కాగితం చేతికి వచ్చింది. మీ తమ్ముడు కోటేష్ హైదరాబాద్ తీసుకుపోయి ముద్రలన్నీ వేయించుకొచ్చాడు. వెనక వైపు కూడా ముద్ర ఉంది, తిప్పి చూసుకోండి. గడువుకు ఇంకా ఐదు రోజులున్నాయి. లాల్‌సింగ్ అన్న దిగిన రోజే కాగితం తీసుకుని పోండి. అక్కడ ఎవరైనా ఈ నాయక్ ఎవరు అంటే కాగితం చూపించండి. ఇంకా నమ్మకపోతే ఫోన్ కలపండి, నేను చెబుతాను. స్పీకర్ పెట్టినా ఫర్వాలేదు.

మీకు కోపం వస్తే రావాల్సిందే. ఇరవై రోజులు నా వల్ల పోయాయి. అబద్ధం కూడా నాదే. మేడల మీద ఎక్కేటప్పుడు తాడు కట్టుకోండి.

ఇట్లు,
మీ భార్య, సోని అమ్మ,
ప్రమీల

మరొక మాట: మీ గదిలో వాళ్ళు చదివితే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. కాల్చే ముందు ముద్రల కాగితం ఇందులో కలిసిపోలేదు కదా అని చూసుకోండి. కవరు కాల్చకండి. దాని మీద మీ పేరు లాల్‌సింగ్ అన్న రాస్తానన్నాడు. నేనే రాశాను.