మందు అతనిది, గురి నాది

డిసెంబర్ 26, గురువారం

హార్లన్ ఇవాళ చెప్పకుండా వెళ్ళిపోయాడు. స్నానం చేసి వచ్చేసరికి గోడ మీద తుపాకీ లేదు, కొక్కేనికి కోటు లేదు. చెకుముకి తుపాకీలతో జింకల్ని వేటాడే సీజన్ ఇవాళే మొదలని నాకూ తెలుసు. కానీ డాక్టర్ అక్టోబర్‌లోనే చెప్పేశాడు. చూపు నడిమధ్య పోయింది, అంచులే మిగిలాయి, ఇక బాగవదు. నా మొగుడికి అడవి కనబడుతుంది, ఎదురుగా ఉన్న జింక కనబడదు.

మంచులో అతని అడుగులు పట్టుకుని కొండెక్కాను. అవి తిన్నగా లేవు. వాగు దాటాయి, మళ్ళీ ఇటు దాటాయి, ఒకే హెమ్లాక్ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాయి. చివరికి పడిపోయిన దుంగ మీద కూర్చుని ఉన్నాడు, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని.

"లవీనా, మెల్లగా నడవ్వే, జింకలు బెదిరిపోతాయి" అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి పక్కన కూర్చున్నాను.

"దారి తప్పావా?"

"నేనెక్కడ తప్పాను? దారే తప్పిపోయింది."

నాకు నవ్వు రాలేదు. అతని చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నా కోటు లోపల పెట్టుకున్నాను.

డిసెంబర్ 27

మాట్లాడుకోలేదు. సూప్ చేశాను. తాగాడు.

డిసెంబర్ 28, శనివారం

హార్లన్ తమ్ముడు డెల్బర్ట్ వచ్చాడు. అన్న ఒంటరిగా అడవికెళ్ళాడని ఊళ్ళో ఎవరో చెప్పారట.

"వదినా, ఇక అన్నని ఆపు. ఆ తుపాకీ నాకిచ్చెయ్యమను. కన్నబిడ్డలా చూసుకుంటా."

మంచివాడే. కానీ ఆ తుపాకీ హార్లన్ సొంతంగా చేసుకున్నది. మా పెళ్ళైన ఏడు, వంటింటి బల్ల మీద, మేపుల్ కర్ర చెక్కి. ఆ ఏడంతా ఏం వండినా అందులో రంపపు పొట్టే. తమ్ముడి మాటకి హార్లన్ తల వంచుకుని కాఫీ కలుపుతూ కూర్చున్నాడు. అందులో పంచదార వెయ్యనేలేదు.

నాకేమైందో తెలీదు. "తుపాకీ నేను కాలుస్తాను. మందు ఆయన కూరతాడు" అనేశాను.

డెల్బర్ట్ పడీ పడీ నవ్వాడు. "నువ్వా వదినా? బోనులో ఎలక పడితే ఏడుస్తావు కదా!"

నిజమే. ముప్పై మూడేళ్ళుగా జింక మాంసంతో సాసేజ్ చేస్తున్నాను. ఒక్క జింక మీదా గురి పెట్టలేదు. హార్లన్ మాత్రం ఆశ చావక ఏటా నాకూ లైసెన్స్ తీసుకుంటాడు. ఈ ఏడూ తీసుకున్నాడు.

అతను నవ్వలేదు. నా వైపు తిరిగాడు, అంటే నా చెవి వైపు. ఇప్పుడు నన్ను చూడాలంటే పక్కకి చూడాలి మరి.

"పొరపాటున అన్నావా, నిజంగానే అన్నావా?" అని అడిగాడు.

డిసెంబర్ 30, సోమవారం

కొట్టం వెనక ప్రాక్టీస్. అతని చేతులకి కళ్ళతో పనిలేదు. మందు కొలిచి గొట్టంలో పోస్తాడు. కొవ్వు రాసిన గుడ్డపేలికలో గుండు చుట్టి కర్రతో దించుతాడు. అడుగుకి చేరిందో లేదో చప్పుడే చెబుతుందట. తుపాకీ పక్కనుండే బుల్లి గిన్నెలో చిటికెడు మందు వేసి నాకందిస్తాడు. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కుని గీస్తుంది, గిన్నెలో భుస్సుమని మంట లేస్తుంది, ఆ తరవాత లిప్తపాటు ఆగి పేలుతుంది. ఆ లిప్తపాటే నా ప్రాణం తీస్తోంది.

"కళ్ళు మూసుకోకు" అన్నాడు.

"నీకు కనబడదుగా, మూసుకున్నానని ఎలా తెలిసింది?"

"ఊపిరి బిగబట్టావు."

పన్నెండు సార్లు కాల్చాను. గురి కోసం నిలబెట్టిన కేకు పళ్ళేనికి ఏడు తగిలాయి. ముఖమంతా మసి. ముద్దు పెట్టుకుని, కుళ్ళిన గుడ్డు వాసనొస్తున్నావన్నాడు.

జనవరి 1

పంది మాంసం, పులిసిన క్యాబేజీ. ఏడాది మొదటిరోజు కోడి తినకూడదని మా అత్త అనేది. కోడి వెనక్కి గీరుతుంది, పంది ముందుకు తవ్వుతుంది. డెల్బర్ట్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. జింక సంగతి అడగలేదు. అడగకుండానే నవ్వాడు.

జనవరి 4, శనివారం

జింక వచ్చింది. నలభై గజాల్లో. మీట నొక్కాను. గిన్నెలో భుస్సుమంది, అంతే. పొద్దుటి నుంచీ తుంపర, మందు చెమ్మగిల్లింది. జింక మా వంక చూసి, తెల్లతోక ఎత్తి వెళ్ళిపోయింది.

నాకెంత హాయిగా అనిపించిందో పైకి చెప్పలేదు. అతనే అన్నాడు, "హాయిగా ఉంది కదూ? గురి తప్పినప్పుడల్లా నాకూ అలాగే ఉండేది."

ముప్పై మూడేళ్ళలో ఈ ముక్క ఒక్కసారీ చెప్పలేదు.

జనవరి 9

వాన. వెళ్ళలేదు.

జనవరి 11, శనివారం, ఆఖరిరోజు

చేతులకింకా మందు వాసన పోలేదు. అయినా రాసేస్తాను.

ఆకాశం తేటగా ఉంది. గట్టు మీద కూర్చున్నాం. తొమ్మిదింటికి హార్లన్ నా మోకాలు నొక్కాడు. "ఎడమపక్క. నాలుగు కాళ్ళు. తొందర్లో లేదు."

నాకేమీ కనబడలేదు. తరవాత కనబడింది. ఆడజింక, ఒక్కతే, బెరడు కొరుక్కుంటోంది. గురి పెట్టాను. ఊపిరి వదిలాను. కళ్ళు తెరిచే ఉంచాను. మంట, లిప్తపాటు, పేలుడు, ఒకటే పొగ. పొగ విడేసరికి జింక లేదు.

లేచి పరిగెత్తబోతే కోటు పట్టుకుని ఆపాడు. "కూర్చో. అరగంట. తరిమితే పాపం అది పరిగెత్తాలి."

అరగంట తరవాత మంచులో నెత్తురు కనబడింది.

"రంగు చెప్పు."

"ఎరుపు."

"ఎరుపుల్లో వంద రకాలు. సరిగ్గా చూడు."

వంగి చూశాను. "లేతగా ఉంది. గులాబీ రంగు. నురగ కూడా ఉంది."

హార్లన్ పెద్దగా ఊపిరి వదిలాడు. "ఊపిరితిత్తులు. దూరం పోలేదు, పద."

నా బెల్టు పట్టుకుని వెనకే నడిచాడు. నేను చూసి చెప్పడం, అతను విని అర్థం చెప్పడం. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత ఒద్దికగా ఎప్పుడూ నడవలేదు. అరవై అడుగుల్లో ఫెర్న్ మొక్కల్లో పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాను. హార్లన్ టోపీ తీశాడు, గ్లవ్ తీశాడు, దాని మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు.

కడుపు కొయ్యడం అతనే చేశాడు, తడుముకుంటూ, ఒక్క తప్పు కోత లేకుండా.

డెల్బర్ట్‌కి ఫోన్ చేస్తే వచ్చాడు. జింకని చూశాడు, నన్ను చూశాడు. ఒక్క జోకూ వెయ్యలేదు. తాడు భుజాన వేసుకుని కిందదాకా లాగాడు.

జనవరి 12, ఆదివారం

కాలేయం ఉల్లిపాయలతో వేయించాను. భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ హార్లనే చెబుతాడు. ఇవాళ నన్ను చెప్పమన్నాడు.

"ఆమె..." అన్నాను, నిన్నటి జింకని తలుచుకుని. ఇంకేమీ రాలేదు.

ఆ మాటే అందుకుని, "ఆమెన్" అన్నాడు హార్లన్.

తిన్నాం.