యాభై అంకె ఉన్న పది నోట్లు

కోచ్కోర్ ఊరి నివాసిని, కీర్తిశేషుడు తుర్దాలీ భార్యను, అరవై ఆరేళ్ల కల్బూబూ అనే నేను, చూపు మసకబారినా బుద్ధి మసకబారకముందే, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయించడమైనది.

1. ఇల్లు, పెరడు, కుట్టుమిషను నా తదనంతరం నా కూతురు అనారాకు సర్వహక్కులతో చెందవలెను. డాక్టరు కావాలనుకున్న పిల్ల. పద్నాలుగో ఏట చదువు మానేసింది. కారకుడి పేరు దిగువన ఉన్నది.

2. నా తమ్ముడు సాగిన్‌కు యాభై తియిన్ల కాగితాలు పది. స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏట రూబుళ్లు పోయి మన సొంత సోమ్‌లు వచ్చాయి. ఆవును కొందామని, అప్పటికే పోయిన నా భర్త గుర్రాన్ని అమ్మి నేను దాచి ఉంచిన డబ్బును, "వరసలో నువ్వేం నిలబడతావక్కా, నేను మార్చుకొస్తా" అని వీడే నగరానికి పట్టుకెళ్లాడు. ఐదువందల సోమ్‌లు రావాలి. "ఇవిగో, యాభైవి పది" అంటూ చేతిలో పెట్టాడు. అంకె చూశాను, పక్కనున్న మాట చదవలేదు. తమ్ముడిచ్చిన డబ్బును వెలుతురులో పెట్టి చూసే అలవాటు మా ఇంట లేదు.

సంతలో ఆవు పలుపు నా చేతికిచ్చిన బేరగాడు, నోట్లు చూసి మళ్లీ లాక్కున్నాడు. "అక్కా, ఇవి తియిన్లు! వంద తియిన్లయితేనే ఒక సోమ్. యాభై సోమ్‌ల నోటు ఇంకా అచ్చే వెయ్యలేదు. నీ ఐదు సోమ్‌లకి దీని తోక కూడా రాదు." సంతంతా నవ్వింది.

"బ్యాంకోళ్లు అవే ఇచ్చారు, నాకేం తెలుసు?" అన్నాడు సాగిన్. ఆ నెలలోనే వాడి పెరట్లోకి రెండు ఆవులొచ్చాయి. నేనూ అనారా ఆ చలికాలమంతా ఐసు నీళ్లలో కూలికి గొర్రె పేగులు కడిగాం. పిల్ల మళ్లీ పుస్తకం తెరవలేదు.

3. ఎర్రటి పొట్టేలు కొమ్ముల నమూనాతో నేను చేసిన ఉన్ని తివాచీ సాగిన్ భార్య జీపార్‌కు. ఆ చలికాలం రోజూ కోటు కింద పాలసీసా దాచుకుని దొడ్డిదారిన వచ్చేది. "ఆయనకి చెప్పకు వదినా" అనేది, అంతే. ఆ తివాచీ మీద ఆమె భర్త కాలు పెట్టరాదు.

4. నన్ను మోసుకెళ్లే ముందు దగ్గరి మగవాడు లేచి, "ఈమె ఎవరికైనా బాకీ ఉందా? ఈమెకి ఎవరైనా బాకీ ఉన్నారా?" అని ఊరందరి ముందు అడగడం మన ఆచారం. సాగినే అడగవలెను. రెండో ప్రశ్న తర్వాత ఎవరూ దగ్గను కూడా దగ్గకూడదు, ప్రార్థన మొదలుపెట్టరాదు. జవాబు చెప్పుకోవడానికి వాడికి వ్యవధి ఇవ్వవలెను. ఇది జరిపించే బాధ్యత పంతులమ్మ అసీలాది.

2011 నవంబరు 9, కోచ్కోర్.

(సంతకం) కల్బూబూ

సాక్షులు:
అసీలా, పంతులమ్మ
తలీప్, పొరుగింటివాడు