మసకూరు ఆఖరి గేటు

4 డిసెంబరు 2003, మదనపల్లె

పదకొండేళ్ల కిందట గంగాధరం నాకు మాటిచ్చాడు. కంప్యూటర్ గేమ్‌లో నా పేరు వేస్తానన్నాడు. వేయలేదు.

నా శిష్యుడే. కాలేజీలో వాడికి ఛందస్సు చెప్పింది నేనే. ‘మసకూరు’ గేమ్‌కు ప్రోగ్రాం వాడిది, మాటలన్నీ నావి. బొమ్మలుండవు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, ఇంగ్లీషు లిపిలో తెలుగు. తెల్లవారుజామున మాత్రమే కనబడే ఊరు. ఆడేవాళ్లు సరైన మాట టైపు చేస్తే మంచు ఒక అడుగు తప్పుకుంటుంది. ఫ్లాపీ తెచ్చిన రోజు మొదటి తెర మీద ఒక్క పేరే ఉంది, వాడిది. లేచి వచ్చేశాను. ఇంతవరకూ మాటల్లేవు.

ఇవాళ పుంగనూరు నుంచి వీణ అనే అమ్మాయి వచ్చింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు మసకూరు ఆడిందట. అలాంటివాళ్లు రెండు వందల మంది ఇంటర్నెట్‌లో గ్రూపు కట్టి, సోర్స్ కోడ్ బయటపెట్టమని గంగాధరాన్ని అడుగుతున్నారు. అంటే గేమ్ అసలు రాతప్రతి. అది దొరికితే కొత్త కంప్యూటర్లలోనూ నడిపించుకుంటారట. వాడు కుప్పంలో డీటీపీ సెంటర్ పెట్టుకుని, ఇవ్వనంటున్నాడు.

ఆ అర్జీ మీద నన్నూ సంతకం పెట్టమంది. పేరు లేనివాడి సంతకం ఎందుకమ్మా అన్నాను.

7 డిసెంబరు

వీణ మళ్లీ వచ్చింది, వెంట జగదీష్. శాంతిపురం మనిషి, గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్. కూర్చోకముందే నా వాక్యం అప్పజెప్పాడు: ‘మంచులో ఎవరిదో దగ్గు. మనిషి కనబడడు.’ ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. నా వాక్యం ఒక్కడికీ నోటికి రాలేదు.

ఆఖరి గేటు ఇంతవరకూ ఎవరూ దాటలేదట. కాపలావాడు అడుగుతాడు, పిలవకుండా వచ్చేది, పొమ్మన్నా పోనిది ఏదని. దోమ అని కొట్టారట, జ్వరం అని కొట్టారట. మా మామ పేరు గూడా కొట్టి సూసినా సార్, తెరుసుకోలా అన్నాడు జగదీష్. వీణ ఒకటే నవ్వు.

ఈ సీమలో పుట్టి కరువు అని కొట్టలేదా అన్నాను. అందరూ మొదట కొట్టేది అదే సార్, తప్పంటాది అన్నారిద్దరూ.

గంగాధరమే ఏదో చెడగొట్టి ఉంటాడు.

8 డిసెంబరు

సంతకం పెట్టాను.

15 డిసెంబరు

మాటలు రాసిన సారు వచ్చి అడిగితే ఆ నిమిషమే ఇస్తానన్నాడట గంగాధరం.

వాడి గడప నేను ఎక్కాలా? నా వ్యాసాన్ని తన పేరుతో చదివిన ప్రిన్సిపాల్‌నే క్షమించలేదు. సన్మానపత్రంలో నా ఇంటిపేరు తప్పు వేసిన సాహితీ సంఘాన్ని క్షమించలేదు. కానీ నా రెండు నవలలు చెదలు తిన్నాయి. నేను పోయాక జనం నోట ఉండేది ఈ గేమొక్కటే. అందులో నా పేరు లేదు.

మీరు పోకుంటే మీ మంచు మీతోనే పోతాది సార్ అంది వీణ ఫోన్లో.

21 డిసెంబరు, ఉదయం, బస్సులో

పలమనేరు దాటాక దట్టంగా మంచు. కొండలు ఒక్కొక్కటే ఎవరో చెరిపేసినట్టు పోయాయి. కండక్టర్ గొంతు వినిపిస్తోంది, మనిషి కనబడడు. నేను రాసిన ఊళ్లోకే టికెట్ తీసుకున్నట్టుంది. పక్కసీటావిడ యాడికప్పా అంది. మసకూరు అని వచ్చింది నా నోట. ఆ ఊరికి ఈ బస్సు పోదప్పా, కుప్పంలో దిగి అడుగు అంది.

అదే రోజు, మధ్యాహ్నం, కుప్పం

గంగాధరం జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కోడ్ ఇయ్యరా అన్నాను. ప్రింటౌట్ ముందే తీసి పెట్టుకున్నాడు.

గేటు మాట చూశాను. కఱవు. బండి ఱ.

ఇంగ్లీషు ఆర్ ఒకటి కొడితే ర, రెండు కొడితే ఱ అని పెట్టించింది నేనే. అప్పట్లో నిఘంటువు తీసి చూపించాను. ఒక్క అక్షరం మార్చినా నా మాటలన్నీ వెనక్కి తీసుకుంటానన్నాను. వాడు మార్చలేదు.

గేటు దాటితే ఆఖరి తెర. ‘మాటలన్నీ మా గోవిందరాజులు సారువి. నేను రాసుకున్నానంతే.’

ముందే చెప్పొచ్చు కదరా అన్నాను. మీరు మాట్లాడనిస్తే గదా సార్ అన్నాడు. కోడ్ ఇస్తే పిల్లోళ్లు ఆ మాట మార్సేస్తారు, మిమ్మల్ని అడక్కుండా ఎట్ల ఇచ్చేది అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, మీ ఊరే గదా సార్, మీరు యాల ఆడలేదని.



22 డిసెంబరు

ఏడో తేదీ పేజీ తిరగేశాను. నేనూ కరువు అనే రాసుకున్నాను.

2 జనవరి 2004

నిన్న కోడ్ విడుదలైంది. మాట మార్చమంటారా, ఉంచమంటారా సార్ అని వీణ అడిగింది. మార్చమన్నాను. సాయంత్రానికి అరవై మంది ఆఖరి తెర చూశారట. జగదీష్ ఫోన్ చేశాడు. సార్, మీ పేరు పచ్చగా వెలుగుతా ఉండాది అన్నాడు. ఇంకొకసారి చదవమన్నాను.

5 జనవరి

తప్పెవరిదని ఇంకా ఆలోచిస్తున్నాను. ఆ రోజు నా మాట వినకుండా ఉండాల్సింది, విన్నాడు. గంగాధరం.