గండికోట పటంలో నాలుగు బొట్లు

12 మార్చి 1959, ప్రొద్దుటూరు
పులివెందుల నుంచి కార్డు. తమ్ముడి చేతిరాత — ఎనిమిదేళ్ల తర్వాత. “ఆదివారం వస్తాండా అన్నా. వదిన పోయినప్పుడు రాలేకపోతి. గండికోట పటం ఒక్కసారి చూసి పోతా.”
రాలేకపోయాడట! నేనే కబురు పెట్టలేదు. ఆ సంగతి మర్యాదగా దాటేశాడు, దొంగ.

13 మార్చి, శుక్రవారం
కోడలికి చెప్పాను. కుంకుమభరిణ చేతిలో అట్లాగే ఆగిపోయింది.
“చిన్నమామ సచ్చిపోలేదా మామా?”
“ఎవరు చెప్పారు నీకు?”
“బొట్టుండాది కదా! ప్రతి శుక్రవారం పటంలో అత్తమ్మకు పెట్టినట్టే ఆయనకూ నేనే పెడతాండానే...”
ఈ ఇంటికి వచ్చి రెండేళ్లు. పటంలో బొట్టున్న నలుగురూ పోయినవాళ్లే అనుకుంది. అమ్మ, నాయన, నా భార్య — నిజమే, ముగ్గురూ పోయారు. నాలుగోవాడు నిక్షేపంగా ఉన్నాడు. బొట్టు లేని ముఖం నాది ఒక్కటే.

14 మార్చి
పొద్దున్నుంచీ పటం ఎదుటే.
జమ్మలమడుగు డ్రాయింగు మాస్టరు మస్తాన్ సాహెబు నీటిరంగుల్లో వేసినది. ఒక ఎండాకాలం సెలవుల్లో రెండు బండ్లు కట్టుకుని గండికోట పోయాం, ఆయనా మాతో వచ్చాడు. మూడు రోజులు. కింద లోయలో పెన్న, పైన ఎర్రబండలు, బండ మీద మేం అయిదుగురం. తమ్ముడు కర్బూజపండు కోస్తున్నాడు. నా భార్య నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. “కదలొద్దమ్మా, మల్లా నోరు గీయాల!” — సాహెబు గోల.
ఆమెకు ఫోటో లేదు. ఉన్నది ఇదొక్కటే.

అదే రోజు, సాయంత్రం
వాడికి ఆ బొట్టు ఎందుకు పెట్టానో రాసుకుంటాను. నాయన పులివెందులలో పోయాడు. పెన్న పొంగి బస్సులు ఆగాయి, ఈ గట్టున నేను. చేరేసరికి చితి ఆరింది. తలకొరివి తమ్ముడు పెట్టాడు. పెద్దకొడుకును నేనుండగా! “రెండు దినాలు చూస్తిమి అన్నా, ఇంగ పీనిగెను పెట్టుకునేకి కాలేదు.” ఊరి పెద్దలంతా వాడి పక్షమే, తలలూపే గొర్రెలు.
ఇంటికొచ్చి కుంకుమ తడిపి వాడి నుదుట పెట్టాను. నాకు వాడు పోయాడని. నా భార్య చూసింది. “పెట్టినోళ్లే తుడ్సాల” అంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అయిదేళ్లు... పోయేదాకా.
ధర్మశాస్త్రాలు తిరగేశాను. పెద్దకొడుకు హక్కుకు ఎన్ని శ్లోకాలైనా ఉన్నాయి. బతికున్నవాడికి బొట్టు పెట్టమని ఎక్కడా లేదు.
కోడలికి అంతా చెప్పేశాను.

15 మార్చి, ఆదివారం పొద్దున
తడిగుడ్డతో తుడిచాను. అద్దం పగిలి ఏళ్లయింది, మళ్లీ వేయించలేదు. కుంకుమ కాగితంలోకి దిగింది. ఎరుపు పోలేదు — నుదురు పోయింది. ఒక కనుబొమ్మ కూడా. ఆపేశాను.
దాచేద్దామా? వాడొచ్చేదే దానికోసం.

మధ్యాహ్నం
వచ్చాడు. చేతికర్ర, చిక్కిపోయాడు. నేరుగా పటం దగ్గరికి. చాలాసేపు చూశాడు.
“ఎవురు పెట్టినారన్నా నాకీ బొట్టు?”
“మీ వదిన.”
అనేశాను. నా గొంతేనా అది?
నేల మీద కూలబడ్డాడు. “నాయన దినాలప్పుడు గూడా కూసోబెట్టి సంగటి పెట్టె గదన్నా వదిన... కడుపులో ఇంత పెట్టుకోని పెట్టిందా?”
మంచినీళ్లు తెచ్చిన కోడలు గడపలోనే నిలబడిపోయింది.
“నువ్వు పెట్టింటే కొట్లాడేవాన్ని. ఆమెతో యాడ కొట్లాడేది?”


16 మార్చి, ఆరున్నర
రాత్రి ముద్ద ముట్టలేదు వాడు. ఏడింటి బస్సుకు పోతాడట. సంచి సర్దుకున్నాడు.
“ఇంత తిని పో చిన్నమామా.”
“వద్దమ్మా. ఆ యమ్మకు ఇష్టం లేనింట్లో మెతుకెట్ల దిగుతాది?”
కోడలు నా దగ్గరికొచ్చింది, గొంతు తగ్గించి — “నువ్వు చెప్తావా మామా, నన్ను చెప్పమంటావా?”
లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఈ పుస్తకంలో రాయడానికైతే చెయ్యి ఆగదు. బొట్టు పెట్టింది నేను. నేనే.
బయట వాడి గొంతు: “నా చెప్పులు యాడ పెట్టినావమ్మా?”
“యాడికీ పోవులే చిన్నమామా, ఎతుకుదాం. తొందరేంది?”
దాచిపెట్టింది. నాకోసం.
వెతుకుతున్నారు... ఇంకా వెతుకుతున్నారు —